పక్కకు చూసే చిలుక

ఆ చిలుకల బొమ్మ గురించి అడగడానికి ఇప్పటికీ అప్పుడప్పుడు పిల్లలు వస్తుంటారు. బొమ్మలు నేర్చుకునే కాలేజీ పిల్లలు. మొయినాబాద్ మీదుగా చేవెళ్ల దాకా బైకుల మీద వచ్చి, మా ఇంటి ముందు కుర్చీలు లాక్కుని కూర్చుని, ఫోన్లో ఆ బొమ్మ తీసి చూపిస్తారు. పెద్ద కాగితం మీద పన్నెండు గళ్లు. ప్రతి గడిలోనూ అదే జామకొమ్మ, అవే రెండు చిలుకలు. ఒక గడిలో చిలుకలు రోజ్‌మిల్క్ రంగు, కొమ్మ నీలం. పక్క గడిలో చిలుకలు నారింజ, వెనక ఆకాశం ఆకుపచ్చ. ఇంకోదాంట్లో అంతా బట్టల సబ్బు పొట్లం మీద ఉండే పసుపు. అన్నిటి చుట్టూ లావుపాటి నల్ల గీత.

"అంకుల్, ఇన్ని రంగులు వెంట్రుకంత కూడ పక్కకు జరగకుంట ఎట్ల ఏసిన్రు?" అని అడుగుతారు. చెబుతాను. రబ్బరు పట్టీని ఏ వాలులో పట్టుకోవాలో చేత్తో చూపిస్తాను. టీ తాగి, నాతో ఫోటో దిగి వెళ్లిపోతారు.

ఆ చిలుకలను ఎవరు గీశారని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. కింద ఆ బొమ్మ చేయించిన చిత్రకారిణి, మా మేడమ్ సంతకం ఉంది కదా, అడిగే పనేముందనుకుంటారు. నేను పని మానేసి ఐదేళ్లయింది. అడగలేదు కదా అని ఊరుకోవడం కూడా ఒక అలవాటైపోతుందని ఈ మధ్యే అర్థమై, ఇది రాస్తున్నాను.

చేవెళ్లలో ఒక సేఠ్ నడిపే ప్రెస్సులో నేను ఇరవై ఆరేళ్లు పనిచేశాను. పెళ్లికార్డులు, గుడ్డసంచులు, కూరగాయల మార్కెట్లో దుకాణాల బోర్డులు, ఎన్నికలొస్తే బ్యానర్లు, క్రిస్మస్ ముందు మా చర్చి కార్డులు. మాది స్క్రీన్ ప్రింటింగ్. చెక్క చట్రానికి పలుచని జాలిగుడ్డ బిగించి ఉంటుంది. బొమ్మ ఉన్నచోట తప్ప మిగతా అంతా మూసేసి ఉంటుంది. పైన రంగు పోసి రబ్బరు పట్టీతో లాగితే, కింద కాగితం మీద బొమ్మ పడుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో చట్రం. విద్య అంతే. మిగతాదంతా నడుంనొప్పి.

నా పని లాగడం. గీయడం ఇంకొకాయన పని. ఆయన చందనవెల్లి నుంచి వచ్చేవాడు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. ఊళ్లో రెండెకరాల పొలం, దాంట్లో ఒక పక్కన జామతోట. పొద్దున్నే తోటలో నీళ్లు కట్టి, బస్సెక్కి వచ్చి, గీసే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవాడు. మట్టి వాసన ఉంటే కుంచె మాట వినదని ఆయన నమ్మకం. ట్రేసింగ్ కాగితం మీద నల్ల ఇంకుతో గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. గీత పూర్తయ్యాక వదిలేవాడు. ఆయన ఊపిరి వదిలిన చప్పుడు వినిపిస్తే గాని మేం గదిలో అటూ ఇటూ నడిచేవాళ్లం కాదు. సేఠ్ కూడా ఫోను పట్టుకుని బయటికి వెళ్లిపోయేవాడు.

ఒకసారి మొయినాబాద్ వైపు నుంచి ఒక పెద్ద రైతు తన బిడ్డ పెళ్లికి కార్డు వేయించడానికి వచ్చాడు. రాజకీయాల్లో తిరిగే మనిషి, నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. కార్డు మీద చిలుకల జంట ఉండాలన్నాడు. కొత్తదేమీ కాదు. గుడి తలుపుల మీదా, చీర అంచుల మీదా, పెళ్లికార్డుల మీదా తరతరాలుగా అదే చిలుకల జంట. ముక్కుకు ముక్కు ఆనించి, అద్దంలో నీడలాగా ఎదురెదురుగా కూర్చుంటాయి. మా అన్న మాత్రం ఈసారి మూడు రోజులు కూర్చుని వేరేగా గీశాడు. జామకొమ్మ మీద ఒక చిలుక పండు కొరుకుతోంది. రెండోది మెడ తిప్పి కార్డు అంచు అవతలికి ఎటో చూస్తోంది. ఒక్కో ఈకా ఒక్కో గీత. నేను అంత మంచి బొమ్మ చూడలేదు.

రైతు చూసి ట్రేసింగు బల్ల మీద పడేశాడు. "ఏందయ్యా ఇది? పెండ్లి కాకముందే మొగడు పెండ్లాం అలిగినట్టు ఒకటిటు, ఒకటటా?"

"అలగలేదు పటేలా," అన్నాడు అన్న. "చిలుకలు గట్లనే కూసుంటయి. మా తోటల రోజు చూస్త. ఒకటి తింటుంటె ఒకటి కావలి కాస్తది. తర్వాత ఇది తింటది, అది కాస్తది."

"నా బిడ్డ పెండ్లికి కావలోళ్లు అక్కర్లేదు. ముక్కుకు ముక్కు పెట్టి గీయి."

వెంట వచ్చిన నలుగురూ నవ్వారు. సేఠ్ ముఖం ఎర్రబడింది. అన్న దాన్ని పక్కన పెట్టి కొత్త కాగితం తీశాడు. గంటలో ముక్కుకు ముక్కు పెట్టి గీసిచ్చాడు. మొదటి ట్రేసింగును నలపబోతుంటే నేను చెయ్యి పట్టుకున్నాను.

"నాకియ్యే అన్నా."

"ఏం జేస్తవు తమ్మీ?"

"ఊకెనే. నచ్చింది."

ఆయన నవ్వి ఇచ్చేశాడు. దాన్ని నా రేకుపెట్టెలో అడుగున పరిచి పెట్టుకున్నాను.

తర్వాత ప్రెస్సుకు కంప్యూటర్ వచ్చింది. వెయ్యి డిజైన్లున్న సీడీ ఒకటి దాంతో పాటు వచ్చింది. వాటిలో చిలుకలే ఓ యాభై రకాలు, అన్నీ ముక్కుకు ముక్కే. ఒక సాయంత్రం సేఠ్ అన్నను పిలిచి రేపటి నుంచి రావద్దన్నాడు. నేను వెనక తొట్టి దగ్గర చట్రాలు కడుగుతున్నాను. మాటలన్నీ వినపడ్డాయి. కడగడం అయిపోయిన చట్రాన్నే మళ్లీ కడిగాను. అన్న వచ్చి నా వెనక కాసేపు నిలబడి, "పోతున్న తమ్మీ" అన్నాడు. "మంచిదన్నా" అన్నాను, తల తిప్పకుండానే. పదమూడేళ్లు ఒకే గదిలో పనిచేసిన మనిషిని అలా పంపించాను. ఆ తర్వాత ఆయన పొలమూ తోటా పరిశ్రమల కిందికి పోయాయనీ, సెక్యూరిటీ గార్డుగా చేరాడనీ ఎవరో చెప్పారు. చందనవెల్లి ఎంత దూరం? ఒక్కసారి కూడా వెళ్లలేదు.

కొన్నేళ్లకు పెళ్లిపిలుపులు ఫోన్లోకి వచ్చేశాయి. ప్రెస్సు మూతపడింది. అప్పుడే అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్ కిరాయికి తీసుకున్న చిత్రకారిణి, చేత్తో స్క్రీన్ లాగేవాడి కోసం వెతుకుతోందని తెలిసి వెళ్లాను. నలభై ఏళ్లుంటాయేమో ఆమెకు. ఏసీ ఉన్న పెద్ద గది, నడుం వంచక్కర్లేని ఎత్తులో బల్ల. మొదటి రోజే నన్ను "మాస్టర్‌గారూ" అని పిలిచింది. అప్పటిదాకా నన్ను ఎవరూ గారూ అనలేదు. ఆ మాట నాకు ఎంత తలకెక్కిందో ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మూడు నెలల తర్వాత, పాత కుంచెలూ జాలిగుడ్డలూ చూపిద్దామని నా రేకుపెట్టె తీసుకెళ్లాను. ఆమె అడుగున ఉన్న ట్రేసింగు తీసి కిటికీ వెలుతురుకు పట్టింది.

"ఈ రెండో చిలుక ఎందుకు అటు చూస్తోంది? ఎంత బాగుందో! ఎవరు వేశారు మాస్టర్‌గారూ?"

ఆ ప్రశ్నకు జవాబు ఒక్క పేరు. నా నాలుక మీదికి వచ్చింది కూడా. వచ్చాక నేనన్నది ఇది: "పాత డిజైన్ మేడం. అప్పట్ల మార్కెట్ల దొరికేటివి."

ఎందుకన్నానో ఎన్నోసార్లు ఆలోచించాను. పేరు చెబితే పిలిపించమంటుంది, పిలిస్తే ఆయన ముఖం చూడాలి. అదొక భయం. ఆయనొస్తే మాస్టర్ ఎవరో ఆమెకు తెలిసిపోతుంది. ఇది ఇంకో భయం, రెండింట్లో ఇదే పెద్దది. అప్పుడు మాత్రం ఇంత లెక్కగా ఆలోచించలేదు. అబద్ధం నోట్లోంచి అలవాటైన మాటలాగా వచ్చేసింది.

ఆమె ఆ చిలుకలను పెద్దవి చేసి, లోపలి ఈకలు తీసేసి, చుట్టుగీత మాత్రం అలాగే ఉంచి పన్నెండుసార్లు పరిచింది. సినిమా పోస్టర్ల రంగులు, కిరాణా కొట్టు పొట్లాల రంగులు వేద్దామంది. వానాకాలం. తేమకు కాగితం ఉబ్బి, రెండో రంగు మొదటి రంగు మీద సరిగ్గా కూర్చునేది కాదు. మొదట వేసిన కాగితాలన్నీ చించేశాం. చివరికి నల్ల గీత వేసే రోజు వచ్చింది. పట్టీ లాగి చట్రం ఎత్తితే, అరచేతి వెడల్పైన చిలుకలో గీత ఎక్కడ వణికిందో, ఎక్కడ ఆయన ఊపిరి వదిలి కుంచె ఎత్తాడో కనిపిస్తోంది. సీడీలో దొరికే చిలుకకు ఆ వణుకు ఉండదు. మేడమ్ దాన్ని వేలితో తడిమి "హ్యాండ్ క్వాలిటీ" అంది. నేను తల ఊపాను.

దానికి ఇంగ్లీషులో ఒక పేరు పెట్టింది. ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోవడం మానేసిన మొగుడూ పెళ్లాల గురించట. ఆ రైతు కూడా అదే అన్నాడని గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ నవ్వు చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ఒక ఆదివారం ఫామ్‌హౌస్‌లోనే ప్రదర్శన పెట్టారు. నేను చర్చి మానేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. వచ్చినవాళ్లకు పట్టీ ఎలా లాగుతారో చూపించాలి. నగరం నుంచి యాభై అరవై మంది వచ్చారు. కార్లు సర్దడానికి ఏదో ఏజెన్సీ నుంచి నలుగురు గార్డులను పిలిపించారు. మధ్యాహ్నం ఒక గార్డు మంచినీళ్ల కోసం లోపలికి వచ్చాడు. వదులైన నీలం చొక్కా, నెరిసిన మీసం. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, గోడ మీద ఉన్న బొమ్మ చూస్తూ అలాగే ఆగిపోయాడు. గ్లాసు పట్టుకున్న తీరు చూసి గుర్తుపట్టాను. కుంచెలాగా మూడు వేళ్లతో.

తప్పుకుందామనుకునేలోపే ఆయన నన్ను చూశాడు.

"తమ్మీ!" ముఖమంతా నవ్వు. "గిది మనదే గదా?"

మనదే అన్నాడు. నాదే అనలేదు.

"అవునన్నా" అన్నాను, మెల్లగా.

"పారేస్తవనుకున్న. ఎంత పెద్దగ చేసిన్రు! ఈకలన్నీ తీసేసిన్రేం?"

ఇంతలో మేడమ్ నలుగురు అతిథులతో అటు వచ్చింది. గార్డు బొమ్మ ముందు నిలబడి మాట్లాడటం ఆమెకు ముచ్చటేసింది. "ఏం పెద్దాయనా, నచ్చిందా?" అంది.

అన్న టోపీ తీశాడు. "నచ్చుడేందమ్మా, ఇది నా చేతి గీత. నేను గీసిన చిలుకలియి."

అతిథుల్లో ఒకాయన చిన్నగా నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. నా వైపు చూసింది. "అవునా మాస్టర్‌గారూ?"

అందరూ నా వైపే చూస్తున్నారు. అన్న కూడా. ఆయన ముఖంలో అనుమానం ఇసుమంతైనా లేదు. నేనేం చెబుతానో ఆయనకు తెలుసు.

"అన్నకు యాదిమరుపు మేడం," అన్నాను. "అప్పట్ల అందరం గిసోంటి చిలుకలే గీసేటోళ్లం."

అన్న నా ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు. దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి పెద్దవాళ్లు చూస్తారే, అలా. తర్వాత బొమ్మ వైపు తిరిగి కళ్లు చిట్లించాడు.

"నిజమేనమ్మా. కండ్లు సక్కగ ఆనుత లేవు. మావి జర వేరే ఉండె," అని టోపీ పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం నేను పట్టీ లాగి చూపించాను. జనం చప్పట్లు కొట్టారు. పట్టీ జారి ఒక కాగితం పాడైతే, అదే బాగుందని ఒకావిడ అడిగి తీసుకుంది.

సాయంత్రం స్కూటర్ మీద బయటికి వస్తుంటే గేటు దగ్గర ఆయనే ఉన్నాడు. గేటు తెరిచాడు. నేను బండి ఆపాను. క్షమించమని అడగాలి.

"రంగులు మంచిగ పడ్డయి తమ్మీ," అన్నాడు ఆయనే. "పచ్చ జర ఎక్కువైంది. పో, చీకటైతున్నది, పైలం."

ఆ తర్వాత నాలుగు నెలలు నేను ఏమీ జరగనట్టే పనిచేశాను. చర్చిలో కళ్లు మూసుకుంటే గేటు కనిపించేది. పాస్టరుగారికి చెబుదామనుకున్నాను, చెప్పలేదు. చందనవెల్లి వెళ్దామని రెండుసార్లు అటు వెళ్లే షాబాద్ బస్సు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఆ బొమ్మకు నగరంలో మంచి పేరొచ్చింది. ఒక రోజు మేడమ్ సంతోషంగా వచ్చి, "మాస్టర్‌గారూ, మీ మార్కెట్ డిజైన్లు ఇంకా ఉన్నాయా? ఆ చిలుకల్లాంటివే. నెమళ్లయినా, లేళ్లయినా" అంది.

"లేవు మేడం," అన్నాను.

"వెతికితే దొరకవా?"

"దొరకవు. గవి మార్కెట్‌యి కావు. గీసేటాయన ఒక్కడే ఉండె. మీరు ఆయనను చూసిన్రు."

అంతా చెప్పాను. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఆయన చెప్పినప్పుడు నాకు నిజమేననిపించింది," అంది. "ఇంకోసారి అడగాల్సింది. మీ జవాబు నాకు వీలుగా ఉంది, అందుకే ఊరుకున్నాను." నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సొరుగులో మిగిలిన రెండు ప్రతులు తీసి, నన్ను పేరు అడిగి, తన సంతకం పక్కనే ఆయన పేరు పెన్సిల్‌తో తెలుగులో రాసింది. "ఒకటి ఆయనకివ్వండి. రేపే వెళ్లండి. ఆయన్ని తీసుకురండి" అంది. ఆ రోజు నుంచి ఆమె నన్ను మాస్టర్‌గారూ అనలేదు. అన్నా అని పిలిచింది.

మర్నాడు పొద్దున ప్రతిని గొట్టంలా చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లాను. పొలాలున్న చోట పొడుగాటి రేకుల షెడ్లు, కంపెనీ గోడలు. ఒక హోటల్లో ఆయన పేరు చెబితే టీ పోసేవాడు నా వైపు ఒకసారి చూసి సందు చూపించాడు. ఇంటి ముందు ఒకామె చేటలో బియ్యం ఏరుతోంది. వెనక గోడకు అన్న ఫోటో, దానికి దండ. దండలో పూలు ఎండిపోయి ఉన్నాయి.

నేను నిలబడిపోయాను. ఆమె తలెత్తి చూసింది.

"చేవెళ్ల ప్రెస్సు తమ్మివా?"

"అవును వదినా."

"రా, కూసో. రెండు నెలలైంది. జరమని దవాఖానకు తీస్కపోయినం. మూడు దినాలే." కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి టీ పెట్టింది. నేను గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

టీ చేతికిస్తూ అంది: "నీ ముచ్చటే చెప్పెటోడు. ఆ ఆదివారం డూటీకెల్లి వచ్చి అన్నం తినలే, ఒకటే ముచ్చట. నా చిలుకలను గోడంత చేసిన్రు, మా తమ్మి అచ్చేసిండు అని."

నేను టీ గ్లాసులోకి చూస్తున్నాను.

"అంతమంది పెద్దోళ్ల ముందట ఆయన చెయ్యి పట్టుకొని, ఇగో, ఈ బొమ్మ గీసినాయన ఈయనే అని చెప్పినవట గదా తమ్మీ? అందరు సప్పట్లు కొట్టిన్రట. టోపీ తీసి దండం పెట్టిన అన్నడు. ఎన్ని దినాలకు మనిషి నవ్వంగ చూసిన్నో! వాడకట్టంత చెప్పుకచ్చిన."

గ్లాసు కింద పెట్టాను. నిజం చెప్పడానికే వచ్చాను. అది వినాల్సిన మనిషి గోడ మీద ఉన్నాడు. చెబితే ఈమె దగ్గర ఏం మిగులుతుంది? నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, గొట్టం విప్పి, బొమ్మను నేల మీద పరిచాను.

ఆమె వంగి చూసింది. ఏ గడిలోనూ చిలుకలు చిలుకల రంగులో లేవు. అయినా గుర్తుపట్టింది. "మా తోటల చిలుకలే," అంది. "పేరు రాసిన్రా?"

"రాసిన్రు వదినా."

"నాకు చదువు రాదు. ఏడున్నది?"

ఆమె వేలు పట్టుకుని పెన్సిల్ అక్షరాల మీద పెట్టాను. ఆమె అక్షరం తర్వాత అక్షరం మెల్లగా తడిమింది. చెరిగిపోతుందేమోనని భయపడినట్టు వేలు తీసేసి, నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు సల్లగుండాలె తమ్మీ" అంది.

ఆ దీవెన తీసుకుని వచ్చేశాను.

మేడమ్ ఇప్పుడు ఇక్కడ లేదు. నేనూ కొన్నాళ్లకు పని మానేశాను. మీరు ఫోన్లో చూసే ప్రతుల మీద ఆయన పేరు లేదు. పేరున్నవి రెండే. ఒకటి చందనవెల్లిలో గోడ మీద ఉంది. ఇంకొకటి మేడమ్ వెంట వెళ్లింది.

ఇంత చెప్పి ఆయన పేరు ఎందుకు రాయలేదని అడుగుతారు. అడగాలి కూడా. మొదటిసారి పేరు దాచింది నా కోసం. ఈసారి అలా కాదు. వదిన మనవరాలు పదో తరగతి చదువుతోంది, ఏది దొరికినా గట్టిగా చదివి నాయనమ్మకు వినిపిస్తుంది. తాత పేరు కనపడితే ఇది కూడా చదువుతుంది. ఆ ఆదివారం ఆయన ఇంటికి ఏం తెచ్చుకున్నాడో అది ఆమె దగ్గర అలాగే ఉండాలి. దాన్ని విప్పి చూపించే హక్కు నాకు లేదు.